ఎనిమిదో ముడి

ఆ రోజు గురువారం, అమావాస్య వెళ్లిన మూడో రోజు. పొద్దున అయిదు గంటల పది నిమిషాలకు, వియత్నాం దేశంలో, కొండల నడుమ ఉన్న ఒక చిన్న స్టేషన్‌లో, జ్వరంతో ఉన్న నా మనుమరాలిని నేను రైలు దింపాను. మేము దిగాల్సిన స్టేషన్ అది కాదు. దింపింది నేను. తప్పు నాది.

ఇట్లా ఏ రోజో, ఏ గంటో మొదట రాయడం నాకు సొసైటీ పుస్తకం నేర్పింది. శామీర్‌పేట చెరువు మీద బతికే ఆడవాళ్లం కొందరం కలిసి చేపల సొసైటీ పెట్టుకున్నాము. మీటింగ్ అయిన ప్రతిసారీ ఏ రోజు, ఏ గంటకు కూర్చున్నామో మొదట రాయాలి. ఏం జరిగిందో నడుమ రాయాలి. ఎవరెవరు ఉన్నారో చివర రాయాలి. అట్లా రాసింది పెద్ద ఆఫీసులో కూడా చెల్లుతుంది. నోటితో చెప్పింది చెల్లదు. నా కూతురి దగ్గర కూడా చెల్లలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

నా కూతురు అల్వాల్‌లో బట్టలు కుడుతుంది. నేను చెప్పే మనుమరాలు ఆమె బిడ్డే. తుర్కపల్లి దిక్కున మందుల కంపెనీలో ల్యాబ్ పని చేస్తుంది. పోయిన నెల ఆ పిల్ల తల్లిని ఒక మాట అడిగింది. వీపున సంచి వేసుకుని, ఒక్కతే, పదిహేను రోజులు బయటి దేశం తిరిగి వస్తానన్నది. నా కూతురు మిషన్ ఆపకుండానే వద్దన్నది.

"దిగే స్టేషన్ ఏదో సూస్కోరాని పిల్ల, ఒక్కతి యాడికి పోతది?"

నేను అక్కడే గుండీలు కుడుతూ కూర్చున్నాను. పిల్ల నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు కొంచెం సులువయ్యేది. అప్పటికి రెండేండ్లుగా దాచిపెట్టిన మాటను ఆ రోజు బయటపెట్టాను. ఆనాడు స్టేషన్ తప్పింది పిల్ల వల్ల కాదు, నా వల్ల అన్నాను. నా కూతురు నవ్వింది.

"నీ మనుమరాలు మనిషిని సంపొచ్చినా, నేనే సంపిన అంటవమ్మా నువ్వు. నాకెర్కలేదా నీ సంగతి."

ఇగ ఏం చెప్పినా వినలేదు. నా మనుమరాలి కోసం నేను అబద్ధాలు ఆడతానన్న పేరు నాకు ముందే ఉంది. ఆ పేరు ఉత్తగా రాలేదు, ఒప్పుకుంటాను. కానీ ఇది మాత్రం నిజం. మొదటి నుంచి చెబుతాను.

రెండేండ్ల కింద కూడా పిల్ల ఇట్లాగే పోతానంది. అప్పుడు నా కూతురు ఒక షరతు పెట్టింది. అవ్వను తీసుకుపోతే పంపుతానన్నది. నేను ఎటూ రానంటాను, దాంతో కథ ముగుస్తుంది అనుకుంది. నేను వస్తానన్నాను. అరవై ఎనిమిదేండ్లు వచ్చాయి, మేడ్చల్, సికింద్రాబాద్, ఒకసారి వేములవాడ, ఇవి తప్ప నేను చూసింది లేదు. ఎందుకు వద్దంటాను?

పిల్ల నాకూ ఒక సంచి కొన్నది. చీర మీద ఆ సంచి తగిలించుకుని వాడకట్టులో నడిచి చూశాను, బరువు అలవాటు కావాలని. నెత్తి మీద చేపల తట్ట మోసిన మెడకు, వీపు మీద బరువు కొత్తగా ఉంటుంది. వెనక్కి ఎవరో గుంజుతున్నట్టే ఉంటుంది. మా పక్కింటామె అరుగు మీద కూర్చుని నన్ను ఆపి మరీ అడిగింది.

"ఏందొదినా, గీ వయసుల బడికి పోతున్నవా?"

"చిన్నప్పుడు ఎవ్వరు తోలలే. ఇప్పుడు నేనే పోతున్న" అన్నాను.

ఆమె నవ్వులాటకు అన్నది గానీ, ఆ మాట నాకు తగిలింది. నేను నిజంగానే యాభై ఏడేండ్లకు అక్షరాలు నేర్చుకున్నాను. సొసైటీ పెట్టినప్పుడు నన్ను పెద్దమనిషిని చేశారు, వేలిముద్ర వేసే పెద్దమనిషిని. పుస్తకంలో ఏం రాశారో తెలియకుండా వేలు అద్దడం నాకు నచ్చలేదు. మా ఇంటి వెనక వీధిలో చర్చికి పోయే ఒక టీచరమ్మ ఉండేది. చేపలు అమ్ముకుని వచ్చి, చేతులు నిమ్మకాయతో తోముకుని, పొద్దుగూకంగానే ఆమె దగ్గర కూర్చునేదాన్ని. ఏడాదిన్నర పట్టింది. తర్వాత మేడ్చల్ బస్‌స్టాండులో నిలబడి, బస్సుల నొసటి మీది బోర్డులు చూసి ఇంగ్లీషు పెద్ద అక్షరాలు కూడా పట్టుకున్నాను. పైన తెలుగు, కింద ఇంగ్లీషు. తెలుగు చదివితే ఇంగ్లీషు దానంతటదే తెలిసేది. ఇప్పటికీ చదివేటప్పుడు నా పెదవులు కదులుతాయి. నెమ్మదిగా చదువుతాను. కానీ చదువుతాను.

నా కూతురికి ఇది గొప్ప. షాపుకు వచ్చిన వాళ్లకందరికీ, మా అమ్మ ఇంగ్లీషు బోర్డులు కూడా చదువుతుందని చెబుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ముందు పనికొస్తుంది.

అక్షరాల కంటే ముందు నాకు వేరే లెక్క ఉండేది. మా అమ్మ వల అల్లేటప్పుడు పక్కన ఒక విడి దారం పెట్టుకునేది. ఒక వరుస అయిపోతే ఆ దారానికి ఒక ముడి. ఎవరైనా పిలిచి లేచి పోయినా, మళ్లీ వచ్చి ముడులు తడిమితే ఎన్నో వరుసలో ఉందో తెలిసేది. నేనూ అదే నేర్చుకున్నాను. వలకే కాదు, అన్నిటికీ ముడే. కడుపుతో ఉంటే నెలకొక ముడి. పిల్లకు మందు వేస్తే పూటకొక ముడి. ఆ దారం ఎన్నడూ తప్పలేదు నాకు. అక్షరాలు వచ్చాక కూడా నడుముకు కట్టుకున్న చిక్కంలో, ఆ చిన్న సంచిలో, వక్కలతో పాటు ఒక మూర నైలాన్ దారం ఉండేది. విమానం ఎక్కేటప్పుడు అక్కడి పోలీసామె చిక్కం విప్పించి, దారం బయటకు తీసి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది. తీసేసుకున్నా బాగుండేది.

హనోయి పట్నంలో మూడు రోజులు తిరిగాము. మూడో రోజు వాన కొట్టింది. నేను కొంగు నెత్తిన వేసుకుని ఒక పంచ కింద నిలబడ్డాను. పిల్ల తడుస్తూ ఫోటోలు తీసుకుంది. మర్నాడు, అంటే బుధవారం, సాయంత్రం ఏడు గంటల తర్వాత రైలెక్కాము. రాత్రంతా ప్రయాణం. పొద్దున అయిదున్నరకు డాంగ్ హోయ్ అనే ఊళ్లో దిగాలి. అక్కడి నుంచి గుహలు చూడ్డానికి పోవాలి.

రైలు మన రైలు లాంటిదే. చిన్న చిన్న గదులు, గదికి నాలుగు పడకలు, కిటికీకి గుడ్డ. మా గదిలో మేమిద్దరమే. బండి కదిలిన గంటకు పిల్లకు చలి మొదలైంది. నుదురు మీద చెయ్యి వెనక వైపు పెట్టి చూశాను, కాలుతోంది. తాను తెచ్చుకున్న గోలీ వేసుకుంది. ఆ గోలీకి మత్తు ఉంటుందని తానే చెప్పింది. అయిదుంబావుకు ఫోన్‌లో అలారం పెట్టుకుంది. అయినా నమ్మకం చాలక, టికెట్ కాగితం నా చేతిలో పెట్టి, దిగే ఊరి పేరు మీద వేలుంచి చూపించింది.

"మనది ఎనిమిదో స్టేషన్ అవ్వా. నేను లేవకుంటే నువ్వు లేపాలె. బోర్డు మీద గిదే పేరుంటది. సదువుకుంటవ్ గదా?"

"సదువుత తియ్. నువ్వు పండుకో బిడ్డా."

ఆ మాట చెప్పినప్పుడు నేను అబద్ధం ఆడలేదు. నిజంగానే చదువుదామనుకున్నాను.

మొదటి స్టేషన్ వచ్చింది. గుడ్డ తొలగించి చూశాను. నీలం బోర్డు, తెల్ల అక్షరాలు, లైటు కింద మంచిగానే కనిపిస్తున్నాయి. కానీ అక్షరాల మీద, కింద, అక్కడివాళ్ల గుర్తులేవో ఉన్నాయి, టోపీల మాదిరి, చుక్కల మాదిరి. అవి బస్సు బోర్డుల మీద ఉండవు. నేను పెదవులు కదుపుతూ మూడు అక్షరాలు పట్టుకునేసరికి బండి కదిలింది. పట్టుకున్న మూడు కూడా పోయాయి.

నాకు భయం పట్టుకుంది. దిగాల్సిన దగ్గర కూడా ఇట్లాగే నేను చదవడం పూర్తి కాకముందే బండి కదిలితే? జ్వరమున్న పిల్లను తీసుకుని ఎక్కడి దాకా పోతాను? భయం పట్టుకోగానే చెయ్యి దానంతటదే చిక్కంలోకి పోయింది. దారం తీశాను. మొదటి స్టేషన్‌కు ఒక ముడి వేశాను. ఎనిమిదో ముడి పడగానే దిగాలి. ఎంత తేలిక అనిపించిందో. ఆ తర్వాత నేను ఒక్క బోర్డు కూడా చూడలేదు.

రెండు, మూడు, నాలుగు. అయిదో సారి బండి ఆగినప్పుడు బయట ఏమీ లేదు. ప్లాట్‌ఫారం లేదు, లైటు లేదు, దిగేవాళ్లు లేరు. కప్పలు అరుస్తున్నాయి. చాలాసేపు ఆగింది. తర్వాత ఎదురు నుంచి ఒక రైలు వచ్చి, మా పక్క నుంచి పోయింది. మా బండి కదిలింది. నేను ముడి వేశాను.

అది స్టేషన్ కాదు, క్రాసింగ్. ఒకటే పట్టాల దారి కాబట్టి ఎదురు బండికి దారి ఇవ్వడానికి ఆగింది. ఈ మాట నాకు ఎవరో చెప్పాల్సిన పని లేదు. మేడ్చల్ నుంచి చేపల తట్ట పెట్టుకుని ప్యాసింజర్‌లో సికింద్రాబాద్ పోయిన మనిషిని నేను. క్రాసింగ్ కోసం బండి ఆగితే, చేపల మీద గోనెపట్ట తడిపి తడిపి కప్పిన మనిషిని. ఎన్నిసార్లు ఆ డ్రైవర్లను తిట్టానో. అయినా ఆ రాత్రి నాకు తట్టలేదు. బండి ఆగింది, నేను ముడి వేశాను, అంతే. చేతిలో దారం ఉంటే కళ్లతో పని లేదనుకున్నాను.

ఎనిమిదో ముడి వేసేటప్పటికి అయిదు దాటింది. టికెట్ మీద అయిదున్నర ఉంది. బండి ముందొచ్చిందనుకున్నాను. ముందొచ్చిన రైలును నా బతుకులో నేను చూడలేదు. అక్కడన్నా అనుమానం రావాల్సింది. నిజానికి బండి ఆలస్యంగా నడుస్తోంది, మాది ఇంకో స్టేషన్ అవతల ఉంది. నేను పిల్లను లేపాను. మత్తులో ఏమీ అడగలేదు పాపం. లెమ్మంటే లేచింది, బూట్లు తొడుక్కొమ్మంటే తొడుక్కుంది. దాని సంచి కూడా నేనే ఎత్తుకున్నాను.

తలుపు దగ్గర రైలు మనిషి నిలబడి ఉన్నాడు. మా టికెట్లు ఎక్కేటప్పుడే చూసినవాడు. మమ్మల్ని చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. ఏదో చెప్పాడు. గడియారం చూపించాడు. ఒక వేలు చూపించాడు. ఇంకొక స్టేషన్ ఉందని అతను చెబుతున్నాడు. ఒక్క నిమిషమే ఆగుతుంది, జల్దీ దిగండి అంటున్నాడని నేను అనుకున్నాను. అట్లయితే చెయ్యి ఎందుకు అడ్డం పెడతాడని ఆలోచించలేదు. ఆ చేతిని తీసి పక్కకు పెట్టాను. బస్సులో కండక్టర్లను పక్కకు జరిపినట్టే. పిల్లను దింపి, నేను దిగాను. అతను తలుపులో నిలబడి రెండు చేతులూ ఊపుతూనే ఉన్నాడు. బండి పోయింది.

పోయిన కాసేపటికి పిల్ల జేబులో అలారం మోగింది. ఆ చప్పుడుకు దాని మత్తు వదిలింది. తలెత్తి బోర్డు చూసింది. మా ఎదురుగానే ఉంది బోర్డు, పది అడుగుల దూరంలో.

"అవ్వా, గిది మనది గాదు."

నా ఒక చేతిలో దారం అట్లాగే ఉంది.

కోపం చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. సంచి మీద కూర్చుని, కళ్లు మూసుకుని కాసేపు ఊపిరి పీల్చుకుంది. తర్వాత లేచింది. ఫోన్‌లో ఏదో మాట్లాడితే ఆ ఫోన్ వాళ్ల భాషలో పలికింది. జెండా పట్టుకున్న ఒకామె, ఆ స్టేషన్‌లో పని చేసేది, వచ్చి విన్నది. పిల్ల నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది, మేము పెట్టినట్టే, చెయ్యి వెనక వైపు. లోపలికి తీసుకుపోయి బల్ల మీద కూర్చోబెట్టింది. వేడినీళ్లు ఇచ్చింది. పాత టికెట్లు చూసి, ఎవరికో ఫోన్ చేసి, వచ్చే బండి పది గంటలకని కాగితం మీద రాసి ఇచ్చింది. ఇవన్నీ పిల్లే అడిగి చేయించుకుంది, జ్వరంతో, దంతాలు కొట్టుకుంటుండగా. నేను పక్కన రెండు సంచులకు కాపలా ఉన్నాను.

కొండల మీద మంచు విడిచింది. ఆకులో చుట్టిన ముద్ద అన్నం అమ్మే ఒక ముసలామె వచ్చింది. నాకంటే పెద్దదే. గంపలో రెండు కోళ్లు పెట్టుకుని ఒకాయన అటువైపు బండి కోసం కూర్చున్నాడు. ముసలామె నా చీరను చూసింది, నా సంచిని చూసింది, నోరు తెరిచి నవ్వింది. పళ్లు నల్లగా, నిగనిగలాడుతున్నాయి. వక్క నమిలే నోరని చూడగానే తెలిసి, నేను చిక్కంలోంచి ఒక వక్క తీసి ఇచ్చాను. చటుక్కున తీసుకుని దవడన పెట్టుకుంది. అన్ని దినాల్లో నేను ఆ దేశంలో తడబడకుండా చేసిన పని అదొక్కటే.

పిల్ల నా ఒడిలో తల పెట్టి పడుకుంది. ఎనిమిదింటికి చెమట పోసింది, ఒళ్లు సల్లబడింది. అన్నం రెండు ముద్దలు తిన్నది. తర్వాత నా పిడికిలి విప్పి దారం చూసింది. దానికి ఆ దారం సంగతి తెలుసు. చిన్నప్పుడు దానికి జ్వరం వస్తే ముడులు వేసింది నేనే.

"బోర్డు సూడలేదా?"

"సూడలే."

"సదువరాకనా?"

"వస్తది. భయమైంది."

యాభై ఏడేండ్లు వేళ్లను నమ్ముకుని బతికాను. పదకొండేండ్లు అక్షరాలతో ఉన్నాను, సొసైటీలో సంతకాలు పెట్టాను, నలుగురిలో పేపర్ చదివాను. కొత్త పడవ కొని ఎండ రోజుల్లో తిప్పి, గాలి లేచిన రోజు మళ్లీ పాత తెప్ప మీదికే ఎక్కినట్టు చేశాను. పాత తెప్పను నేను ఇప్పటికీ తప్పుపట్టను. ముడి తప్పు చెప్పలేదు. బండి ఎనిమిదిసార్లు ఆగింది, ఎనిమిది ముడులు ఉన్నాయి. కానీ ఆగిన చోటు ఏ ఊరో ముడి చెప్పదు. అది చెప్పేది బోర్డు. బోర్డు అడుగడుగునా నిలబడే ఉంది. నేనే ముఖం తిప్పుకున్నాను.

"ఇప్పుడు సదువు" అన్నది పిల్ల, బోర్డు చూపించి.

చదివాను. పెదవులు కదిలాయి. అది అందించలేదు, తొందరపెట్టలేదు. టోపీలనూ చుక్కలనూ వదిలేసి, అక్షరం తర్వాత అక్షరం చదివాను. టికెట్ తీసి మేము దిగాల్సిన ఊరి పేరు చదివాను. రెండూ వేరు. దుకాణం ముందు నిలబడి బీడీ తాగే అంత సేపు కూడా పట్టలేదు. రైలు అక్కడ దాదాపు అంతసేపే ఆగింది కూడా.

"గింతే గదా అవ్వా" అన్నది. నవ్వలేదు.

పదింటి బండిలో మధ్యాహ్నానికి చేరుకున్నాము. సాయంత్రం నా కూతురు వీడియోలో ఫోన్ చేసింది. పొద్దున్నుంచి ఫోన్ ఎందుకు చెయ్యలేదని తిడుతోంది. స్టేషన్ తప్పి దిగామని పిల్ల చెప్పింది. ఎట్లా తప్పారని అడిగింది నా కూతురు. అప్పుడు పిల్ల ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"నిద్రమత్తుల నేనే తప్పు సూసిన మమ్మీ. అవ్వ వద్దన్నా ఇనలే."

నేను పక్కనే మంచం మీద కూర్చుని అరటిపండు ఒలుస్తున్నాను. ముసలిదాన్ని తీసుకుపోయి పరేషాన్ చేస్తున్నావని నా కూతురు దాన్ని ఇంకో నాలుగు మాటలు అన్నది. అన్నీ పడింది. తర్వాత ఫోన్ నా వైపు తిప్పింది. మంచిగున్నావా అమ్మా అని అడిగింది నా కూతురు. మంచిగున్న అన్నాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

ఎందుకు అనలేదో కూడా రాస్తాను. షాపులో అందరికీ మా అమ్మ చదువుతుందని చెప్పుకునే బిడ్డ ముందు, చదవడానికి భయపడ్డానని చెప్పలేకపోయాను. పిల్లకు అది తెలుసు. నా పరువు కాపాడడానికే ఆ నింద తన మీద వేసుకుంది. తల్లి దగ్గర తన మాట పోతుందని, మళ్లీ బయటికి పంపదని తెలిసే వేసుకుంది. నేను పండు ఒలుచుకుని తిన్నాను. అది కాపాడిన పరువును కూడా రెండేండ్లు తిన్నాను, అట్లాగే చెప్పాలి.

బిడ్డా, ఇది నీకే రాస్తున్నాను. నోటితో చెబితే నవ్వావు. ఇప్పుడు రోజుతో, గంటతో రాశాను. నన్ను దానికి కాపలాగా పంపావు. ఆ స్టేషన్‌లో కాపలా కాసింది అది. తెలియని దేశంలో, ఒంట్లో బాగాలేకున్నా, నన్నూ రెండు సంచులనూ ఊరు చేర్చింది. ఒక్కతే ఉంటే అది అలారం మోగిన తర్వాత లేచి, బోర్డు చదివి, తన స్టేషన్‌లోనే దిగి ఉండేది. దాన్ని పంపు. ఒక్కదాన్నే పంపు.

ఎనిమిది ముడుల దారం ఈ కాగితానికి పిన్నుతో గుచ్చాను. అయిదో ముడి తప్పుది. పిల్ల ఆ రోజు దాన్ని విప్పడానికి చూసింది. నైలాన్ ముడి విప్పితే రాదు, అట్లాగే ఉంది.

పేర్లు రాయను. కొందరివి నాకు తెలియవు, తెలిసినవాళ్లవి నీకు తెలుసు.

ఆ రోజు హాజరైనవారు: రైలు తలుపులో చెయ్యి అడ్డం పెట్టిన మనిషి. జెండా పట్టుకున్న స్టేషన్ ఆమె. ఆకులో అన్నం అమ్మిన నల్లపళ్ల ముసలామె. గంపలో కోళ్లతో కూర్చున్న ఆయన. నా ఒడిలో తల పెట్టుకుని, నీ బిడ్డ. బోర్డుకు ఎదురుగా, నేను.